దీనమ్మ చేతుల కొలత

బ్రూక్షాబాద్, పోర్ట్ బ్లెయిర్
మంగళవారం, తెల్లారినప్పటి నుంచీ వాన

అప్పకి,

నీకూ బావకీ దణ్ణాలు, పిల్లలిద్దరికీ ముద్దులు. నేను బాగున్నాను. ఈ మాట మొదటే రాసేస్తున్నాను, ఎందుకంటే ఉత్తరం చేతికి రాగానే నీకు గుండె దడ మొదలవుతుందని తెలుసు. ఇక్కడ ఒక సంగతి జరిగింది. కానీ నేను బాగున్నాను. ఒంట్లో ఏ లోటూ లేదు, కడుపునిండా తింటున్నాను. అమ్మ మోకాళ్ళ నొప్పి ఎలా ఉంది? నేను పంపిన నూనె రాసుకుంటోందా, లేక అయిపోతుందని సీసా అలాగే దాచిందా? చిన్నోడు ఏడవకుండా బడికి వెళ్తున్నాడా? బావ దగ్గు తగ్గిందా?

ఫోన్ ఉండగా ఉత్తరం ఏమిటని బావ నవ్వుతాడు. ఫోన్ చేస్తే నువ్వు స్పీకర్ పెడతావు. పక్కన అమ్మ ఉంటుంది, గుమ్మంలో పక్కింటి చిన్నమ్మ ఉంటుంది. ఇది నలుగురిలో చెప్పే సంగతి కాదు. ముందు నువ్వొక్కదానివే చదువు. అమ్మకి ఏది చెప్పాలో, ఏది చెప్పకూడదో తరవాత నువ్వే చూసుకో. పోయిన నెల నువ్వు అడిగినదానికి జవాబు కూడా ఇందులోనే ఉంది.

ముందు నా రోజులు ఎలా గడుస్తున్నాయో చెప్తాను. ఇక్కడ సూర్యుడికి తొందరెక్కువ. ఐదింటికల్లా ఎండ ముఖాన పడుతుంది, సాయంత్రం ఐదున్నరకి చీకటి. నేను పనిచేసే జిమ్ము డెలానీపూర్‌లో ఒక మేడ మీద ఉంది. పొద్దున్నా మధ్యాహ్నం ఆడవాళ్ళకే, ఆ రెండు పూటలూ నావే. ఆఫీసుల్లో పనిచేసేవాళ్ళు, నర్సులు, ఇద్దరు టీచర్లు వస్తారు. మంచివాళ్ళు. అందరూ నన్ను దీదీ అంటారు, నాకంటే పదేళ్ళు పెద్దవాళ్ళు కూడా. బియ్యం, చేపలు, కొబ్బరి, వీటికి కొదవ లేదు. కూరగాయలు మాత్రం ఓడ మీద రావాలి. ఓడ ఆలస్యమైతే టమాటా కూడా కనపడదు. ఆరేసిన బట్టలు రెండు రోజులైనా చెమ్మ వదలవు. ఆదివారాలు మాత్రం కష్టంగా ఉండేవి. జిమ్ముకి సెలవు. నువ్వు బియ్యం చెరుగుతూ ఎవరినో ఒకరిని తిట్టే గొంతు గుర్తొచ్చేది. ఇప్పుడు అంత లేదులే, బెంగ పెట్టుకోకు.

నీకు చెప్పని సంగతి ఒకటుంది. ఇక్కడికి వచ్చిన దగ్గర్నుంచీ ఒక్కరోజు కూడా నేను చేతులు బయటికి కనపడే బట్ట వేసుకోలేదు. ఇంత ఉక్కలో, జిమ్ములో కూడా, మణికట్టు దాకా టీషర్టే. మొదటివారమే ఒక ఆవిడ నా భుజం తట్టి, “దీదీ, మాకు మీలాగ అవ్వకుండా నేర్పించండి. సన్నబడితే చాలు,” అంది. చెడుగా అనలేదు, నవ్వుతూనే అంది. నాకు మాత్రం మన ఇంటి నడవలో ఆ పెళ్ళిచూపుల రోజే కళ్ళ ముందుకొచ్చింది. ఆ అబ్బాయి తల్లి నా పైట లాగి చేతుల మీద కప్పి, “ఇవేం చేతులమ్మా, మగాడి చేతుల్లాగ,” అనలేదా? నువ్వు కాఫీ గ్లాసులు పట్టుకుని అక్కడే ఉన్నావు. హైస్కూల్లో మొదటిసారి బరువుల బారు ఎత్తిన రోజు నా ఒళ్ళు చూసుకుని ఎంత మురిసిపోయానో, ఆ రోజు అంతా ఒలికిపోయింది. ఇప్పుడు వాళ్ళే మళ్ళీ కబురు పెట్టారని, బరువులు మానేసి చేతులు తగ్గించుకుంటే సంబంధం ఖాయం చేసుకుంటారని నువ్వు చెప్పినప్పుడు, సరే అందామనే అనుకున్నాను. నీతో అబద్ధం ఎందుకు, నిజంగానే అనుకున్నాను.

ఇక అసలు సంగతికి వస్తాను.

నేను అద్దెకుండే ఇల్లు ఎస్తేరు దీదీది. ముప్పై దాటి ఉంటాయి, పెళ్ళి చేసుకోలేదు, ముందు గదిలో బట్టలు కుడుతుంది. వాళ్ళ తాతల నాడు మన వైపు నుంచే ఓడెక్కి వచ్చారట. తను పుట్టింది, పెరిగింది ఇక్కడే. తెలుగూ హిందీ కలిపి మాట్లాడుతుంది. ఆదివారం తెలుగు ఆరాధనలో పాటలు పాడుతుంది. ఇంట్లో ఇంకెవరున్నారంటే వాళ్ళ అమ్మ సువార్తమ్మ. నేను మామ్మ అంటాను. రెండు కళ్ళకీ పొర కమ్మేసింది. వెలుగూ నీడా తప్ప ఏమీ ఆనదు. పొద్దంతా వరండాలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉంటుంది.

నేను దిగిన రోజు, పెట్టె లోపలికి తీసుకెళ్తుంటే మామ్మ చెయ్యి చాచి నా చెయ్యి పట్టుకుంది. భుజం దాకా తడిమింది. తడుముతూ తడుముతూ ఆగిపోయింది.

“వచ్చీసినావేటి, దీనమ్మా?” అంది. “ఇన్నాల్లూ ఏటైపోనావు?”

నేను పైడిని మామ్మా, కొత్తగా అద్దెకి వచ్చాను అన్నాను. వినలేదు. తల ఊపి, “కుడి బుజం ఇంకా సలుపుతోందేటి? వానొస్తే నీకు సలుపు కదా,” అంది.

అప్పా, వానకి నా కుడి భుజం సలిపే సంగతి నీకు తప్ప ఎవరికి తెలుసు? అమ్మకి కూడా చెప్పలేదు మనం. ఎస్తేరు దీదీ కత్తెర పట్టుకుని గుమ్మంలోకి వచ్చి, “అరే పైడీ, దిల్ మే పెట్టుకోకు. ఉమర్ అయిపోయింది కదా, ఐసే ఏదో అంటుంది,” అని నన్ను లోపలికి పంపేసింది. దీనమ్మ ఎవరు అని అడిగితే, “మా అక్క. ఇప్పుడు లేదు,” అంది. మళ్ళీ మిషన్ తొక్కడం మొదలుపెట్టింది.

తరవాత ఇంకొకటి మొదలైంది. నేను ఐదింటికి లేచి జిమ్ముకి బయల్దేరేసరికి వరండాలో ఎర్రగచ్చు మీద తడి అడుగులు ఉండేవి. మెట్ల దగ్గర మొదలై లోపలికి. వాన అనుకున్నాను. కానీ వాన లేని రోజు కూడా ఉన్నాయి. ఎండ పడగానే ఆరిపోయి, ఆరిన చోట తెల్లగా ఉప్పు పేరుకుని ఉండేది. ఒకరోజు వేలితో తీసి నాలిక మీద పెట్టుకుని చూశాను. ఉప్పే. సముద్రం ఆ గుమ్మానికి నడిచి రావాలంటే ఇరవై నిమిషాల దారి. ఎస్తేరు దీదీకి చూపిస్తే తడిబట్ట తెచ్చి తుడిచేసింది. మర్నాడు మళ్ళీ ఉన్నాయి.

ఆ తరవాత జాకెట్టు సంగతి. వాళ్ళ సంఘంలో ఒక పెళ్ళికి నన్ను కూడా పిలిచారు. చీర కట్టుకోవాలి కదా, మణికట్టు దాకా చేతులున్న జాకెట్టు కుట్టమని దీదీని అడిగాను. ఊళ్ళో మన దర్జీ దగ్గర ఎన్నిసార్లు చేతులు పట్టేసేవో నీకు గుర్తే. దీదీ టేపు పెట్టి నా కుడిచెయ్యి కొలిచింది. ఎడమది కొలిచింది. టేపు చూస్తూ అలాగే నిలబడిపోయింది.

“క్యా హువా దీదీ?” అన్నాను.

వెళ్ళి అలమరలోంచి అట్ట ఊడిపోయిన పుస్తకం తెచ్చింది. మామ్మకి కళ్ళున్న రోజుల్లో ఆవిడే కుట్టేదట, ఆ కొలతల పుస్తకం అది. ఒక పేజీ తీసి నా ముందు పెట్టింది. పైన దీనమ్మ అని పేరు. కింద చేతుల పొడవు, చుట్టు. కుడిది ఎడమదాని కంటే అరంగుళం ఎక్కువ. అన్నీ నా కొలతలే అప్పా. ఒక్క గీత తేడా లేదు.

దీదీ మళ్ళీ వెళ్ళి పెట్టె అడుగు నుంచి ఒక జాకెట్టు తెచ్చింది. నీలం రంగు, నిండు చేతులు. మడతల్లో కర్పూరం వాసన. “అమ్మ క్రిస్మస్‌కి కుట్టింది దానికి. ఏక్ బార్ కూడా వేసుకోనేదు. ఒకసారి వేసుకుని చూడు,” అంది. నాకు ఇష్టం లేదు. కానీ ఆ ముఖం చూసి కాదనలేకపోయాను. నా మీద కొలిచి కుట్టినట్టు ఉంది. చెయ్యి పైకెత్తినా పట్టెయ్యలేదు. నా జన్మలో ఏ జాకెట్టూ అలా కుదరలేదు.

ఆరోజు దీదీ చెప్పింది. దీనమ్మ తనకంటే పదేళ్ళు పెద్ద. తండ్రి పోయాక సిమెంటు బస్తాలు మోసి ఇల్లు నడిపిందట. పనికోసమే కాదు, బరువెత్తడమంటే సరదా దానికి. ఎవరో పారేసిన లారీ ఇరుసు ఇంటి వెనక పెట్టుకుని, పొద్దున్నే పాట పాడుకుంటూ ఎత్తేదట. చేతులు నాలాగే ఉండేవి. జనం నవ్వేవారు. సునామీ వచ్చిన పొద్దున వీళ్ళు ముగ్గురూ కాలువ ఒడ్డున పాత ఇంట్లో ఉన్నారు. దీనమ్మ చెల్లెల్ని ఎత్తి పైకప్పు మీదికి విసిరేసింది, తరవాత అమ్మని ఎత్తింది. తను ఎక్కలేకపోయింది. మళ్ళీ దొరకలేదు. నీళ్ళు తీశాక దొరికింది ఆ జాకెట్టూ కొలతల పుస్తకమూ ఉన్న పెట్టె ఒక్కటేనట.

“నేను ఛోటీ కదా, కళ్ళు మూసుకుని ఏడుస్తున్నాను. ఏమీ చూడనేదు,” అంది దీదీ. “అమ్మ ఎప్పుడూ చెప్పదు. అడిగితే బస్, నోరు మూసేసుకుంటుంది.”

ఆ నీలం జాకెట్టుతో నేను పెళ్ళికి వెళ్ళలేదు. తలనొప్పని ఇంట్లో ఉండిపోయాను.

ఇప్పుడు ఆదివారం సంగతి. మొన్నటిది కాదు, అంతకు ముందుది. అప్పా, ఇది చదివేటప్పుడు నేను బాగున్నానని మళ్ళీ ఒకసారి గుర్తు పెట్టుకో.

పొద్దున తొమ్మిది దాటింది. దీదీ ఆరాధనకి వెళ్ళింది. నేను పెరట్లో బట్టలు ఉతికి ముందుకి వచ్చేసరికి మామ్మ కుర్చీ ఖాళీ. ఊతకర్ర గోడకి ఆనించి ఉంది. ఇల్లంతా వెతికాను. ఆవిడ గదిలో దండెం మీద చీర ఆరేసి ఉంది. అంచు రెండు జానల మేర బురద కొట్టుకుని అట్ట కట్టి ఉంది. అది చూశాక అర్థమైంది, ఆ ఉప్పు అడుగులు ఎవరివో. కళ్ళు కనపడని మనిషి రోజూ మేము లేవకముందే ఆ పాత ఇంటికి వెళ్లొస్తోంది.

చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తాను.

ఆ చోటు ఎలా ఉంటుందో నీకెలా చెప్పను! ఒకప్పుడు పొలాలూ ఇళ్ళూ ఉన్న నేల. ఆనాటి భూకంపానికి కుంగిపోయింది. పోటుకి సముద్రం లోపలికి వస్తుంది, ఆటుకి పోతుంది. తలల్లేని కొబ్బరి మొద్దులు వరసగా నీళ్ళలో నిలబడి ఉంటాయి, ఎవరో నాటినట్టే. ఒడ్డున మొసళ్ళున్నాయని బోర్డు ఉంది. నేను వెళ్ళేసరికి పోటు మొదలైంది. చప్పుడు లేదు. అలలు లేవు. నీళ్ళు అలా ఊరుతున్నాయంతే. ఒక్క కాకి అరుపు లేదు.

మామ్మ నడుం లోతు నీళ్ళలో ఉంది. ఒక ఇంటి మొండిగోడలు ఇంకా మిగిలి ఉన్నాయి, ఆ గుమ్మం స్తంభం పట్టుకుని లోపలికి చూస్తోంది. పిలుస్తోంది. కేకలెయ్యడం లేదు. అన్నానికి పిలిచినట్టు మామూలుగా, “దీనమ్మా, రాయే. నీల్లెక్కువైపోతన్నాయి, రాయే,” అంటోంది.

నాకు ఈత రాదని నీకు తెలుసు. దిగిపోయాను. దగ్గరికి వెళ్ళేసరికి నీళ్ళు నా పొట్ట దాకా వచ్చాయి. టీషర్టు తడిసి చేతులకి అతుక్కుపోయింది. “మామ్మా, పట్టుకో,” అని చెయ్యి చాచాను. పట్టుకుంది. పట్టుకున్నదల్లా కాలినట్టు వదిలేసి వెనక్కి జరిగింది.

“గుడ్డ! గుడ్డొద్దు నాకు! సెయ్యి ఇవ్వే!” అని అరిచింది.

“మామ్మా, ఇదే చెయ్యి, పట్టుకో!”

“గుడ్డ సినిగిపోద్ది! సెయ్యి ఇవ్వే, సెయ్యి!”

నేను దగ్గరికి జరిగితే ఆవిడ ఇంకా లోపలికి పోతోంది. నీళ్ళు ఆవిడ రొమ్ము దాకా వచ్చాయి. ఇంక ఆలోచించలేదు. భుజం దగ్గర కుట్టు పట్టుకుని టీషర్టు కుడిచెయ్యి చింపేశాను. ఎడమది కూడా. చింపి నీళ్ళలో పారేసి చెయ్యి చాచాను. ఆవిడ వేళ్ళు నా మణికట్టు దగ్గర మొదలై, మోచెయ్యి, కండ, భుజం దాకా పాకాయి. ఆ ముఖం నెమ్మదించింది. “ఇదీ,” అంది. “ఇది కదా.”

నడుం వంచకుండా, బారు ఎత్తేటప్పుడు ఎలా కూర్చుంటామో అలా కిందికి దిగి, ఆవిడని భుజం మీదికి ఎత్తేశాను. పక్షి బరువు. కానీ రెండడుగులు వేశానో లేదో ఎడమకాలు బురదలో మోకాలి దాకా దిగిపోయింది. లాగితే ఇంకా దిగుతోంది. నీళ్ళు గుండెల దాకా వచ్చాయి. ఎన్ని వందల కిలోలు ఎత్తిన కాలో, ఒక బురద గుంటలోంచి రావడం లేదు. ఆ క్షణంలో నువ్వు గుర్తొచ్చావు. నాకు ఏమన్నా అయితే ఫోన్ నీకే వస్తుంది కదా అనుకున్నాను.

అప్పుడు ఎవరో నా కుడి జబ్బ పట్టుకున్నారు.

ఉన్నదున్నట్టు రాస్తున్నాను, ఒక్క మాట కూడా కలపడం లేదు. వెనక నుంచి, కాస్త పై నుంచి. చల్లగా లేదు ఆ చెయ్యి. గట్టిగా, పనిచేసే మనిషి చెయ్యి. ఒక్కసారి పైకి లాగింది. కాలు బయటికి వచ్చేసింది.

వెనక్కి తిరిగి చూశాను. గోడ, నీళ్ళు, ఆ మొద్దులు. నీళ్ళ మీద చిన్న మడత కూడా లేదు. కానీ మామ్మ నా భుజం మీద తల ఎత్తి ఉంది. ఆ తెల్లటి కళ్ళు నా వెనక్కి, కొంచెం పైకి చూస్తున్నాయి. ఎదురుగా ఉన్న మనిషికి చెప్పినట్టు తల ఊపి, “సాల్లే. ఇంక నువ్వెల్లు,” అంది.

ఆ మాట నాకు చెప్పింది కాదు అప్పా. నేనెలా వెళ్తాను, నేను ఆవిడని మోస్తున్నాను కదా.

గట్టు మీదికి ఎలా చేరానో గుర్తులేదు. ఆవిడని కూర్చోబెట్టి నేనూ కూలబడ్డాను. ఆవిడకి వణుకు లేదు, ఏడుపు లేదు. నా చెయ్యి ఒళ్ళో పెట్టుకుని నిమురుతూ చెప్పడం మొదలుపెట్టింది. చెప్తుండగానే ఎస్తేరు దీదీ తెల్లచీరలో పరిగెత్తుకుంటూ వచ్చింది. ఇల్లు తెరిచి ఉండటం, ఎవరూ లేకపోవడం చూసి తిన్నగా ఇక్కడికే వచ్చిందట. అమ్మ మాట విని వెనకే ఆగిపోయింది.

“అందరూ నవ్వీవోరు,” అంది మామ్మ. “ఆడపిల్లకి ఆ సేతులేటని. సర్చికెల్తే నవ్వీవోరు. నాకు సిగ్గేసీది. నా కూతుర్ని సూస్తే నాకే సిగ్గేసీది. దాని సేతులు ఎవులికీ కనపడకుండా అన్నీ నిండు సేతులే కుట్టినాను. ‘ఉక్కేస్తందే అమ్మా’ అనీది. తియ్యనిచ్చీదాన్ని కాదు. ఆ రోజు మమ్మల్ని పైకెక్కించేసింది. దాన్ని లాగుదామని వంగినాను. సెయ్యి అందలేదు, సొక్కా సెయ్యి అందింది. గట్టిగానే పట్టుకున్నాను. కుట్టు ఊడిపోయింది. నేను కుట్టిన కుట్టే. అది ఎల్లిపోనాది, గుడ్డ నా సేతిలో ఉండిపోనాది.”

ఎస్తేరు దీదీ అలాగే గట్టు మీద కూర్చుని అమ్మ ఒళ్ళో తల పెట్టేసింది. ఇన్నేళ్ళలో ఆ మాట విన్నది మొదటిసారి. ముగ్గురం నీళ్ళు ఆ గుమ్మం మీద కప్పుకునే దాకా కూర్చున్నాం.

ఇంటికి వచ్చి స్నానం చేస్తుంటే చూశాను. కుడి జబ్బ మీద అచ్చు పడి ఉంది. ముందు వైపు బొటనవేలు, వెనక వైపు నాలుగు వేళ్ళు, ఎర్రగా కమిలిపోయి. మామ్మ పట్టుకున్నదే అనుకున్నాను. మామ్మ చెయ్యి తెచ్చి పెట్టి చూశాం. చిన్నపిల్ల చెయ్యంత ఉంటుంది ఆవిడది, ఆ అచ్చులో సగం కూడా రాలేదు. దీదీ తన చెయ్యి పెట్టింది, సరిపోలేదు. చివరికి నేను నా ఎడమచెయ్యి పెట్టుకున్నాను. వేలికి వేలు సరిపోయింది. దీదీ కొబ్బరినూనె వెచ్చచేసి తెచ్చి ఆ అచ్చు చుట్టూ రాసింది, మీద రాయలేదు.

నాకు భయం వెయ్యలేదా అంటే, వేసింది. రెండు రోజులు స్నానాల గది తలుపు తెరిచి పెట్టుకునే స్నానం చేశాను. ఇప్పుడు ఆ భయం లేదు. మర్నాటి నుంచీ వరండాలో అడుగులు లేవు. మామ్మ పొద్దున్నే లేచి ఎక్కడికీ పోవడం లేదు. నన్ను దీనమ్మా అని పిలవడం కూడా మానేసింది. నిన్న కాఫీ ఇస్తే, “నీ పేరేటమ్మా?” అని అడిగింది. చెప్పాను. “ఎవులి పిల్లవి?” అంది. అమ్మ పేరు చెప్పాను. “మీయమ్మకి సెప్పు, మంచి సేతులిచ్చిందని,” అంది. ఆ ఒక్క మాట మాత్రం అమ్మకి తప్పకుండా చెప్పు. మిగిలింది నీ ఇష్టం.

ఇక నువ్వు అడిగినదానికి జవాబు. వద్దు అప్పా. ఆ ఇంటివాళ్ళకి కోపంగా చెప్పకు, మర్యాదగానే చెప్పు. పిల్ల బరువులు మానదట, చేతులు ఇలాగే ఉంటాయట అని చెప్పు. వాళ్ళు కొత్త ఫోటో అడిగారు కదా, దీంతో ఒకటి పెట్టాను. దీదీయే వరండాలో తీసింది. పొట్టి చేతుల జాకెట్టుతోనే ఉన్నాను, అది కూడా దీదీ కుట్టిందే. ఫోటో వాళ్ళకి పంపనక్కర్లేదు, మన ఇంట్లో పెట్టుకోండి. అమ్మ పైట సర్దలేదని సణుగుతుంది, పట్టించుకోకు.

వచ్చే నెల ఇక్కడి ఆడవాళ్ళ బరువుల పోటీ ఉంది. పేరు ఇచ్చాను. నా తోలు బెల్టు అటక మీద ఎర్ర సంచిలో ఉంది. పార్సిల్ చెయ్యి. దాంతోపాటు కొంచెం కొత్త చింతపండు, నువ్వు పట్టిన కారం. మామ్మకి మన వైపు కారం తినాలని ఉందట. పెద్దనాన్నకీ దొడ్డకీ నా దణ్ణాలు. పక్కింటి చిన్నమ్మని అడిగానని చెప్పు, కానీ ఈ ఉత్తరం ఆవిడ కంట పడనివ్వకు. వేళకి తింటున్నాను, వేళకి పడుకుంటున్నాను, కాలువ వైపు వెళ్ళడం లేదు. ఒట్టు.

ఈ పొద్దున మొదటిసారి చేతుల్లేని బనీనుతో జిమ్ముకి వెళ్ళాను. అచ్చు చాలావరకు పోయింది, బొటనవేలు దగ్గర మాత్రం ఇంకా పసుపుపచ్చగా ఉంది. సన్నబడితే చాలన్న ఆవిడే ముందు చూసింది. దగ్గరికి వచ్చి వేలితో తాకి, “యే క్యా హువా, దీదీ?” అంది.

“మా అప్ప పట్టుకుంది,” అన్నాను. నోటికి అలాగే వచ్చేసింది. ఆవిడకి తెలుగు రాదు కదా, మళ్ళీ హిందీలో చెప్పాను.

ఆవిడ ఆ గుర్తుని ఇంకోసారి చూసి, మీ దీదీ చాలా బలమున్న మనిషి అయ్యుంటుంది అంది.

అవునన్నాను.

అమ్మ కాళ్ళకి నా బదులు నువ్వు దణ్ణం పెట్టి, నన్ను దీవించమని అడుగు. నువ్వు కూడా దీవించు.

నీ చెల్లెలు
పైడి